అనంత నేల కథ: రాయి, ఏరు, గాలి చెక్కిన కరవు సీమ

అనంతపురం: ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం 552 మిల్లీమీటర్లు. ఇందులో నైరుతి రుతుపవనాల వాటా సుమారు 338 కాగా, ఈశాన్య రుతుపవనాల ద్వారా కురిసేది 155 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. రాష్ట్రంలో ఇంతకన్నా తక్కువ వాన పడే జిల్లా లేదు. దేశంలో జైసల్మేర్ తర్వాతి స్థానం మనదేనని సభల్లోనూ, పత్రికల్లోనూ తరచూ వినవస్తుంది గానీ అది నిజం కాదు. రాజస్థాన్‌లోనే బికనీర్, బార్మేర్ జిల్లాలకు మనకన్నా తక్కువ వాన పడుతుంది. దక్షిణాదిలో అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాల్లో ఒకటి అనడం సబబు.

వాన ఎందుకు తక్కువ, పడిన వాన ఎందుకు నిలవదు, ఒక ఊళ్లో బోరు పడితే పక్క పొలంలో ఎందుకు పడదు, హగరి ఒడ్డున పొలాల్లోకి ఇసుక ఎందుకు నడిచి వస్తోంది? ఈ నాలుగు ప్రశ్నలకూ సమాధానాలు చాలావరకు నేల పుట్టుకలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయి పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. అయితే రాళ్లకూ ఏళ్లకూ ఆ సరిహద్దు తెలియదు కనుక ఈ వ్యాసంలో ఉమ్మడి జిల్లానంతటినీ ఒకటిగానే చూస్తున్నాం. 19,130 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో సమైక్య రాష్ట్రంలోకెల్లా పెద్ద జిల్లా ఇదే.

ఖండం చీలితే వచ్చిన కరవు

సుమారు 9 కోట్ల ఏళ్ల క్రితం వరకు మడగాస్కర్ దీవి భారత భూభాగానికి పడమటి అంచున అతుక్కుని ఉండేది. భూమి పైపొర ఒకే ముక్కగా ఉండదు. అది పెద్ద పెద్ద ఫలకాలుగా విడిపోయి, అడుగున ఉన్న వేడి పొరపై ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతుంటుంది. ఆ కదలికలో మడగాస్కర్ విడిపోయింది. తర్వాత సుమారు 6.5 కోట్ల ఏళ్ల క్రితం సీషెల్స్ భాగం కూడా దూరమైంది. చీలిన అంచు పైకి లేచి నిటారుగా నిలిచింది. కోత వల్ల ఆ అంచు కొంత వెనక్కు జరిగి నేటి పడమటి కనుమలుగా మిగిలింది. ద్వీపకల్పమంతా తూర్పు వైపునకు వాలిన పళ్లెంలా తయారైంది. కృష్ణ, కావేరి నదులు అరేబియా సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టి కూడా ఇంత దూరం ప్రయాణించి బంగాళాఖాతంలో కలవడానికి ఈ వాలే కారణం.

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి తెచ్చే తేమ ఈ కనుమలను ఎక్కే క్రమంలో చల్లబడి అక్కడే కురిసిపోతుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన నమోదవుతుంది. కొండ దిగి మన వైపు వచ్చేసరికి ఆ గాలి పొడిబారి ఉంటుంది. దీన్నే వర్షచ్ఛాయ అంటారు. ఇక తూర్పు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు నెల్లూరు తీరం దాటి వెలికొండ, నల్లమల, పాలకొండల వరుసలను ఎక్కి దిగేలోపు తమ బలాన్ని చాలావరకు కోల్పోతాయి. రెండు సముద్రాలకూ దూరంగా, రెండు కనుమల నడుమ ఉండటమే ఈ సీమకు శాపమైంది. జూన్, జులై నెలల్లో ఆకాశం నిండా మబ్బులు పరుగెడుతూ, చినుకు మాత్రం రాలకపోవడం ఇక్కడి రైతులకు ఏటా అనుభవమే. ఆ గాలి వేగాన్నే నమ్ముకుని రామగిరి, రాయదుర్గం, శింగనమల ప్రాంతాల కొండలపై గాలిమరలు వెలిశాయి. ఒక విధంగా చూస్తే వాన తీసుకోలేకపోయిన గాలి నుంచి కరెంటు తీసుకుంటున్నామన్నమాట.

250 కోట్ల ఏళ్ల రాయి

జిల్లాలో కాలి కింద ఉన్న రాతికి ఈ ఖండ విభజన నిన్నమొన్నటి సంగతి. ఇక్కడి నైసు, గ్రానైటు శిలల్లో అత్యధికం 250 కోట్ల ఏళ్లకు పైబడినవి. ధార్వాడ శిలాఖండంగా శాస్త్రవేత్తలు పిలిచే ఈ ప్రాచీన భూభాగం కర్ణాటకలో అధిక భాగాన్నీ, మన జిల్లానూ కలుపుకుని విస్తరించింది. మడగాస్కర్ ఈశాన్య తీరంలోని ఆంటోంగిల్ ప్రాంతపు రాళ్లు కూడా ఇదే కోవకు చెందినవని, విడిపోక ముందు రెండూ ఒకటేనని పరిశోధకులు భావిస్తున్నారు.

ఆ కాలంలో చిన్న చిన్న భూఖండాలు ఒకదానితో ఒకటి ఢీకొని అతుక్కున్నాయి. వాటి నడుమ నలిగిపోయిన అగ్నిపర్వత శిలలు, సముద్రపు అడుగు శిలలు సన్నని పట్టీలుగా నేటికీ మిగిలి ఉన్నాయి. పెనకచెర్ల నుంచి రామగిరి వరకు సాగే పట్టీ వాటిలో ఒకటి. రాళ్లు నలిగిన చోట ఏర్పడిన పగుళ్ల గుండా వేడి ద్రవాలు పైకి వచ్చి పలుగురాతి నరాలలో బంగారాన్ని వదిలివెళ్లాయి. రామగిరిలో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడిపిన గనులు 2001లో కోలారు గనులతో పాటు మూతపడ్డాయి.

వజ్రకరూరు కథ మరోరకం. సుమారు 110 కోట్ల ఏళ్ల క్రితం భూమి లోపల 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి కింబర్లైటు అనే శిలాద్రవం గొట్టాల వంటి దారుల్లో వేగంగా పైకి తన్నుకొచ్చింది. దారిలో ఉన్న వజ్రాలను తనతో పాటు మోసుకొచ్చింది. వజ్రకరూరు, లత్తవరం, చిగిచెర్ల, కళ్యాణదుర్గం పరిసరాల్లో ఇటువంటి గొట్టాలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించింది. కింబర్లైటు తేలిగ్గా శిథిలమై మట్టిగా మారుతుంది. అందులోని వజ్రం మాత్రం చెక్కుచెదరదు. తొలకరి వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలుతాయి కాబట్టే వజ్రకరూరు పొలాల్లోనూ, పొరుగున కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పరిసరాల్లోనూ ఆ రోజుల్లో జనం బారులు తీరతారు. దొరికేది ఒకరికైతే కూలీ పోగొట్టుకునేది వందమంది. దొరికినవారి కథే ఊళ్లు దాటి ప్రయాణిస్తుంది.

గ్రానైటు కొండల ఆకారం వెనుక కూడా ఓ కారణం ఉంది. ఈ రాయి భూమి లోపల కిలోమీటర్ల లోతున గడ్డకట్టింది. పైనున్న బరువు కోట్ల ఏళ్లపాటు కోతకు గురై తొలగిపోగా, ఒత్తిడి తగ్గిన రాయి ఉల్లిపొరల మాదిరిగా పగులుతుంది. పగుళ్లలోకి దిగిన నీరు మూలలను ముందుగా తినేస్తుంది. మిగిలేవి గుండ్రాళ్లు. పగుళ్లు దట్టంగా ఉన్నచోట రాయి పొడిపొడిగా మారి మైదానమైతే, పగుళ్లు తక్కువగా ఉన్నచోట ఒంటరి కొండగా నిలిచింది. గుత్తి, రాయదుర్గం, పెనుకొండ దుర్గాలన్నీ ఇటువంటి ఒంటరి కొండల మీద కట్టినవే. 1565 నాటి యుద్ధంలో ఓడిన విజయనగర రాజులు పెనుకొండను రాజధానిగా ఎంచుకోవడంలో ఈ నిటారు బండల పాత్ర తక్కువేమీ కాదు. లేపాక్షి ఆలయాన్ని తాబేలు వీపులా ఉబ్బిన బండ మీద నిర్మించారు. ఊరి చివర ఉన్న నందిని ఒకే గుండు నుంచి చెక్కారు. అంత పెద్ద రాయి పగులు లేకుండా దొరకడం ఈ నేలలోనే సాధ్యం.

తాడిపత్రి అంచున సముద్రం

జిల్లా ఈశాన్య మూలకు వెళితే దృశ్యం పూర్తిగా మారిపోతుంది. గుండ్రాళ్లు మాయమై, పలకలు పలకలుగా పేర్చినట్లున్న రాళ్లు కనిపిస్తాయి. గ్రానైటు నేల సుమారు 190 కోట్ల ఏళ్ల క్రితం తూర్పు వైపున కుంగిపోగా అందులోకి లోతులేని సముద్రం ప్రవేశించింది. దాన్నే శాస్త్రవేత్తలు కడప హరివాణం అంటారు. ఇసుక, ఒండ్రు, సున్నం పొరలు పొరలుగా పేరుకుని వేల మీటర్ల మందం గల శిలలయ్యాయి. ఆ హరివాణపు పడమటి అంచు తాడిపత్రి వద్దే ఉంది. ఆ అంచు శిలల్లో ఒక వరుసకు భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో మన తాడిపత్రి పేరే పెట్టారు.

ఇళ్ల ముందు పరిచిన కొన్ని బండల మీద వరుసగా అలల ముడతలు కనిపిస్తాయి. అవి రాయిని కోసిన యంత్రం చేసినవి కావు. ఏనాడో తీరపు లోతులేని నీటిలో అలలు ఇసుక మీద వేసిన గుర్తులే గట్టిపడి మిగిలిపోయాయి. సున్నపురాతి పొరల్లో గోపురాల్లా పేరుకున్న గుండ్రని ముద్రలు కొన్నిచోట్ల ఉన్నాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవుల పొరలు సున్నాన్ని పట్టి ఉంచగా ఏర్పడినవి అవి. చేప, చెట్టు, పురుగు ఏదీ ఇంకా పుట్టని కాలం అది. కరవు జిల్లాగా పేరొందిన చోట రోజూ సముద్రపు ఒడ్డు మీద నడుస్తున్నామని చెబితే పాఠశాల పిల్లలు నమ్మరు. ఆ బండను ఒకసారి చేతితో తడిమి చూపిస్తే చాలు.

సున్నపురాయి నీటిలో నెమ్మదిగా కరుగుతుంది. అందుకే ఆ ప్రాంతంలో నీరు పగుళ్లను వెడల్పు చేసుకుని సొరంగాలుగా మారుస్తుంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు ఇలా ఏర్పడినవే. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ గుహలు ఒకనాటి భూగర్భ ప్రవాహపు దారులు. తాడిపత్రిలో పెన్న ఒడ్డునున్న బుగ్గ రామలింగేశ్వరాలయం పేరులోని బుగ్గ అన్నా ఊటే. నాపరాళ్ల పరిశ్రమ, సిమెంటు కర్మాగారాలు ఆ సముద్రం విడిచిన ఆస్తి మీదనే నడుస్తున్నాయి.

పెన్నేటి ప్రయాణం

కర్ణాటకలో నంది కొండల వరుసలోని చెన్నకేశవ గిరిపై పెన్న పుడుతుంది. మొత్తం పొడవు 597 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. హిందూపురం వద్ద జిల్లాలో ప్రవేశించి, పరిగి సమీపాన జయమంగళిని కలుపుకుని ఉత్తర దిశగా సాగుతుంది. పేరూరు, పెన్నహోబిలం, పెనకచెర్ల, పామిడి దాటాక తూర్పునకు తిరిగి తాడిపత్రి మీదుగా కడప జిల్లాలోకి వెళుతుంది. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉండగా అనంతపురం 1,100 అడుగుల ఎత్తున ఉంది. తాడిపత్రి ఇంకా పల్లం. నేల వాలు దక్షిణం నుంచి ఉత్తరానికి ఉండబట్టే ద్వీపకల్పంలోని పెద్ద నదులు తూర్పునకు పరుగెడుతుంటే పెన్న మాత్రం ముందు ఉత్తరానికి నడిచి ఆ తర్వాత తూర్పు బాట పట్టింది.

మెత్తని రాయిని వదిలి గట్టి కొండను కోయడం పెన్న ప్రయాణంలోని విచిత్రం. గండికోట వద్ద ఎర్రమల కొండలను నిలువునా చీల్చి లోతైన గండి చేసింది. కొండ చుట్టూ తిరిగిపోకుండా మధ్యలోంచి ఎలా వెళ్లిందన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు చెప్పే సమాధానం సులభమైనదే. నది ప్రవహించడం మొదలుపెట్టినప్పుడు నేల మట్టం ఇప్పటికన్నా ఎత్తుగా ఉండేది. కింద కొండ ఉందన్న సంగతి బయటపడేలోపే నది తన దారి ఖరారు చేసుకుంది. నేల తగ్గే కొద్దీ అదే దారిలో కిందికి కోసుకుంటూ దిగింది. ఎర్రని కొండరాయి గట్టిది కనుక గోడలు కూలకుండా నిలిచాయి.

పెన్న మోసిన ఇసుక, ఒండ్రు చివరకు నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద సముద్రాన్ని చేరుతుంది. నెల్లూరు డెల్టా పంట పొలాల్లో మన కొండల పొడి ఉంది. సుమారు 6,000 ఏళ్ల క్రితం సముద్రమట్టం దాదాపు నేటి స్థాయికి చేరాక నదులు తెచ్చిన ఒండ్రుతో తూర్పుతీరపు డెల్టాలు సముద్రంలోకి పెరిగాయి. అలలు, తీరం వెంబడి సాగే ప్రవాహాలు ఆ ఇసుకను అటూ ఇటూ జరిపి దిబ్బలుగా పేర్చాయి. పులికాట్ సరస్సును సముద్రం నుంచి వేరు చేస్తున్న శ్రీహరికోట అటువంటి ఇసుక కట్టే. జలాశయాలు కట్టాక ఒండ్రు వాటి అడుగునే ఆగిపోతోంది. నది ఇసుక ఇవ్వడం తగ్గిస్తే అలలు తీరాన్ని తిరిగి తీసుకుంటాయి. గోదావరి డెల్టాకు ఉత్తరాన కాకినాడ సమీపంలోని ఉప్పాడలో ఇళ్లూ రోడ్లూ సముద్రంలో కలిసిపోతున్న తీరు రాష్ట్రమంతా చూస్తున్నదే.

ఇసుకే ఇక్కడి చెరువు

వేసవిలో పెన్న, చిత్రావతి, జయమంగళి ఎండిపోయి ఇసుక బయళ్లుగా కనిపిస్తాయి. ఎండినట్లు కనిపించడం వేరు, నీరు లేకపోవడం వేరు. గ్రానైటు పొడి నుంచి వచ్చిన ముతక ఇసుక రేణువుల నడుమ ఖాళీలు ఎక్కువ. వరద వచ్చిన నాలుగు రోజుల్లో ఆ ఖాళీల్లోకి నీరు చేరి నిలుస్తుంది. పైన రెండు మూడు అడుగుల ఇసుక ఎండిపోయాక అదే మూతలా పనిచేసి కింది నీటిని ఎండ నుంచి కాపాడుతుంది. చెరువులో నీరు ఎండకు ఆవిరైపోతుంటే ఏటి ఇసుకలో నీరు నెలల తరబడి ఉంటుంది.

ఈ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. ఏటిలో చెలమ తీసి బిందె నింపుకోవడం నిన్నమొన్నటి వరకు పల్లెల్లో మామూలు దృశ్యం. అంతకుమించిన నైపుణ్యం ఊటకాలువలది. ఏటి ఇసుకలో ఎగువ నుంచి వాలుగా కాలువ తవ్వుకుంటూ వస్తే ఇసుకలోని నీరు ఊరి కాలువలోకి దిగుతుంది. ఆ కాలువను ఏటి వాలుకన్నా తక్కువ వాలుతో ఒడ్డుకు మళ్లిస్తే కొంత దూరం పోయాక నీరు పొలం మట్టానికి చేరుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. మడకశిర, రొళ్ల వైపు, సరిహద్దుకు ఆవల పావగడ ప్రాంతంలో వీటిని తలపరిగెలని కూడా పిలుస్తారు. ఏటా పూడిక తీయడానికి ఇంటికొకరు చొప్పున కదిలే కట్టుబాటు ఉన్నంతకాలం అవి నడిచాయి.

బోర్లు వచ్చాక ఆ కట్టుబాటు సడలింది. దానికి తోడు ఇసుక తవ్వకం మొదలైంది. ఇసుకను మీటర్ల లోతున ఎత్తివేస్తే కింద బండ లేదా బంకమట్టి బయటపడుతుంది. అప్పుడు వరద నిలవడానికి చోటుండదు. ఒడ్డున ఉన్న బావులు, బోర్లు ఏటి ఇసుకలోని నీటి మీద ఆధారపడినవే కావడంతో వాటి మట్టం కూడా పడిపోతుంది. ఇసుకను తీసుకెళ్లిన లారీ నిజానికి నీటి తొట్టిని మోసుకెళ్లిందని గ్రామస్థులకు అర్థమయ్యేసరికి ఆలస్యమవుతోంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) ఇసుక తవ్వకానికీ, బోరు బావులకూ పరిమితులు విధించింది. చట్టం ఉన్నది ఉన్నట్లు అమలైతే ఇంత రాయవలసిన పని ఉండేది కాదు. కొత్త ఇసుక తయారు కావాలంటే కొండ కరగాలి. మన వంటి పాత శిలాఖండంలో నేల కోత పది లక్షల ఏళ్లకు కొన్ని మీటర్ల మేరకే ఉంటుంది.

కరవు నేలలో వరద

తక్కువ వాన పడే చోట వరద రాదనుకోవడం పొరపాటు. బండనేల మీద, పలుచని మట్టి మీద ఒక్కసారిగా కుండపోత కురిస్తే నీరు ఇంకే వ్యవధి ఉండదు. వంకలన్నీ గంటల్లో పొంగుతాయి. 2021 నవంబరులో చిత్రావతి పొంగి వెల్దుర్తి వద్ద చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టర్‌తో కాపాడవలసి వచ్చింది. అదే నెల 19న పెన్న ఉపనది చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. 2022 అక్టోబరులో పండమేరు అనంతపురం కాలనీలను ముంచెత్తింది. 2024 అక్టోబరులో మళ్లీ అదే పరిస్థితి ఎదురైంది.

పండమేరు మీద విజయనగర పాలకుల కాలంలో, 14వ శతాబ్దంలో కట్టించిన అనంతసాగరం నుంచే ఈ పట్టణానికి పేరు వచ్చింది. ఆ కాలపు ఇంజినీర్లు వంకకు దాని చోటు దానికి వదిలి, మిగిలిన నేలలో ఊరు కట్టారు. వంక ఏళ్ల తరబడి ఎండి ఉంటే దాని గర్భం ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. ప్లాట్లు వేసినవారికి ఆ జ్ఞాపకం లేకపోయినా నీటికి ఉంటుంది.

హగరి ఒడ్డున నడిచే ఇసుక

జిల్లా పడమటి అంచున పారే వేదవతిని ఇక్కడ హగరి అంటారు. కర్ణాటకలోని బాబాబుడన్ కొండల్లో పుట్టి ఉత్తరంగా సాగి తుంగభద్రలో కలుస్తుంది. ఎగువన హిరియూరు వద్ద 1907లో వాణీవిలాస సాగరం పూర్తయింది. ఆ జలాశయం 1933లో ఒకసారి నిండి పొర్లాక మళ్లీ పొర్లింది 2022లోనే. అంటే 89 ఏళ్ల విరామం. దిగువన గుమ్మఘట్ట మండలంలోని భైరవానితిప్ప ప్రాజెక్టుకు నీరెందుకు రాదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. దిగువ వేదవతి ఏడాదిలో అత్యధిక కాలం ఇసుక మేటగానే మిగిలింది.

ఏరు పారుతున్నంత కాలం తడి ఇసుక కదలదు. ఎండిన ఇసుకకు గాలే ఏరు. జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి, పడమటి దిక్కుల నుంచి బలంగా వీచే గాలులు హగరి గర్భంలోని సన్నని ఇసుకను ఎత్తి తూర్పు ఒడ్డున పోస్తాయి. రేణువులు గాలిలో ఎగిరి చాలా దూరం పోవు. నేల మీద గెంతుతూ సాగుతాయి. ఒక్కో గెంతు మరో నాలుగు రేణువులను లేపుతుంది. కంచె, ముళ్లపొద, గట్టు ఏది అడ్డొస్తే అక్కడ గాలి వేగం తగ్గి కుప్ప పడుతుంది. కుప్పే పెరిగి దిబ్బవుతుంది. దిబ్బకు గాలి వైపు వాలు ఏటవాలుగా, వెనుక వైపు నిటారుగా ఉంటుంది. ముందు వైపు ఇసుక ఎక్కి వెనుక వైపు జారుతుండటంతో దిబ్బ మొత్తం కొంచెం కొంచెంగా ముందుకు నడుస్తుంది. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో, ముఖ్యంగా దర్గాహొన్నూరు, గోవిందవాడ పరిసరాల్లో నల్లరేగడి పొలాల మీద ఇలా ఇసుక మేటలు వేసింది.

చూడటానికి వచ్చేవారు ఎడారి అని ఫొటోలు తీసుకుంటున్నారు. అయితే భౌగోళికంగా ఇది రాజస్థాన్ తరహా ఎడారి కాదు. వాన తక్కువై పుట్టిన ఇసుక కాదిది, ఏటి నుంచి వచ్చింది. పక్కనే తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి పండుతుండటం అందుకు నిదర్శనం. ఈ తేడా తెలిస్తే మందు కూడా తెలుస్తుంది. దిబ్బను తవ్వి పక్కకు పోస్తే మరుసటి గాలికి మళ్లీ వస్తుంది. ఏటి ఒడ్డునే, గాలికి అడ్డంగా, వరుసలు వరుసలుగా చెట్లు పెంచాలి. వరుసల మధ్య ఇసుకను పట్టి ఉంచే గడ్డి పెరగనివ్వాలి. ఆ గడ్డిని మేపకుండా రెండు మూడేళ్లు కాపాడటమే అన్నిటికన్నా కష్టమైన పని. గొర్రెలున్న రైతూ, పొలం పోతున్న రైతూ తరచూ ఒకే కుటుంబం వారు కావడం ఇక్కడి చిక్కు.

ఎర్రమట్టి, నల్లరాయి, బోరు

జిల్లా సాగుభూమిలో నాలుగింట మూడు వంతులు ఎర్రనేలలే. గ్రానైటు, నైసు శిథిలమై ఏర్పడిన ఈ మట్టికి ఎరుపు ఇచ్చింది అందులోని ఇనుము. లోతు తక్కువ, నీరు పట్టి ఉంచే శక్తి తక్కువ. ఒక వాన తర్వాత పది పదిహేను రోజులు బెట్ట వస్తే పైరు వాడిపోతుంది. నల్లరేగడి అంతా అగ్నిపర్వతపు లావా నుంచి వచ్చిందని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. దక్కను లావా మన జిల్లా వరకు రాలేదు. తాడిపత్రి, ఉరవకొండ వైపు కనిపించే నల్లనేలలు స్థానిక శిలల నుంచి, పల్లాల్లో పేరుకున్న మెత్తని ఒండ్రు నుంచి తయారైనవి.

ఇక బోర్ల సంగతి. గట్టి గ్రానైటుకు తనంతట తాను నీరు పట్టే గుణం లేదు. నీరు రెండు చోట్ల ఉంటుంది. మట్టి కింద రాయి కుళ్లి గరుసుగా మారిన పొర ఒకటి. ఇది చాలాచోట్ల 20 మీటర్ల లోతుకు మించదు. కపిలలతో నీరు తోడిన పాత బావులన్నీ ఈ పొరలోవే. రెండోది ఆ కింద గట్టి రాతిలోని పగుళ్లు. లోతు పెరిగే కొద్దీ పై రాతి బరువుకు పగుళ్లు బిగుసుకుపోతాయి కాబట్టి వందల అడుగులు దించినంత మాత్రాన నీరు పెరుగుతుందన్న నమ్మకం లేదు. గరుసు పొర ఎండిపోయాక పగుళ్లకు పైనుంచి నీరు అందదు. పక్కవాడి కన్నా మరో వంద అడుగులు లోతు వేసినవాడు అదే పగులులోని నీటిని ముందుగా లాగుతాడు తప్ప కొత్త నీటిని పుట్టించడు.

నీటిలో ఫ్లోరైడు ఎక్కువ కావడానికి కూడా ఈ రాయే మూలం. గ్రానైటులోని కొన్ని ఖనిజాల నుంచి అది నీటిలోకి దిగుతుంది. నీరు రాతిలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువగా కరుగుతుంది. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం చేపట్టడానికి దారితీసిన కారణాల్లో ఇదొకటి. కృష్ణా జలాలు హంద్రీనీవా ద్వారా 2012లో జీడిపల్లికి చేరాయి. మన నేల ఎత్తున ఉన్నందున ఆ నీటిని మెట్టుమెట్టుగా ఎత్తిపోయవలసి వస్తోంది.

పొలాల మధ్య తిన్నని గీతలా సాగే నల్లరాళ్ల గుట్టలను చాలామంది చూసే ఉంటారు. ఎవరో పేర్చినట్లుండే వీటిని భూగర్భ శాస్త్రంలో డైకులంటారు. సుమారు 240 నుంచి 180 కోట్ల ఏళ్ల క్రితం గ్రానైటు సాగి చీలినప్పుడు ఆ చీలికల్లోకి ఎక్కిన శిలాద్రవం డోలరైటు గోడలుగా గడ్డకట్టింది. కొన్ని కిలోమీటర్ల కొద్దీ సాగుతాయి. భూమి లోపల ఇవి ఆనకట్టలు. పల్లానికి పారే భూగర్భజలం గోడ వద్ద ఆగి ఎగువ వైపున నిలుస్తుంది. గోడకు ఎగువనున్న పొలంలో రెండించుల నీరు పడి, దిగువన పది గజాల దూరంలో దుమ్ము లేవడం ఇందువల్లే. గోడ రాయే పగిలి ఉన్నచోట ఫలితం తారుమారు కావచ్చు. భూకంపాల విషయంలో మాత్రం ఈ పాత రాయి మనకు కొంత భరోసా. 2002 నాటి దేశ భూకంప పటంలో జిల్లాను అతి తక్కువ ప్రమాదం గల రెండో మండలంలో ఉంచారు. 1993లో లాతూరు కూడా పాత ద్వీపకల్పంలోనిదే కనుక పూర్తి ధీమా పనికిరాదు.

టెంకాయ తిప్పి చూపిన చోట లక్షలు పోసే ముందు రైతు తన పొలం చుట్టూ ఒకసారి నడవడం మేలు. నల్లరాళ్ల వరుస ఏ దిక్కుకు పోతోంది, తన పొలం దానికి ఎగువనా దిగువనా, పాత బావి గోడలో గరుసు ఎంత లోతు వరకు కనిపిస్తోంది, ఏ వైపు నుంచి ఊట దిగేది అన్నవి పెద్దలను అడిగి రాసుకోవాలి. ఆ వివరాలతో జిల్లా భూగర్భ జలశాఖ కార్యాలయానికి వెళితే రాతిలోని విద్యుత్ నిరోధాన్ని కొలిచే పరీక్ష ద్వారా గరుసు మందాన్నీ, పగులు ఉండే అవకాశాన్నీ నిపుణులు అంచనా వేస్తారు. బోరు వేయడానికి వాల్టా కింద ముందస్తు అనుమతి తీసుకోవాలి.